మతాధ్యయనానికి నాలుగు దృష్టులు: పెద్దాపుర పరిసర క్షేత్రాల ఆధారంగా ఒక పరిశీలన

'మత' శబ్దం 'మన్' ధాతువునుండి ఏర్పడినది. ఆలోచింపబడినది, అభిప్రాయమైనది అని దాని మూలార్థం. పాణిని మతం, జైమిని మతం అని శాస్త్రగ్రంథాలలో వ్యవహరించునప్పుడు ఆ అర్థమే గ్రాహ్యం. తరువాత తెలుగులో ఆ శబ్దం విశ్వాసం, ఆరాధన, ఆచారం, సంప్రదాయం అనే వాటినన్నింటినీ కలిపి చెప్పే పదంగా స్థిరపడినది. ఇంత విస్తృతమైన విషయాన్ని ఏ ఒక్క శాస్త్రమూ పూర్తిగా వివరింపజాలదు. కనుకనే విశ్వవిద్యాలయస్థాయిలో మతాన్ని సాహిత్యం, చరిత్ర, రాజనీతి, తత్త్వం అనే నాలుగు మార్గాలలో పరిశీలించే పద్ధతి ఏర్పడినది.

ఈ పద్ధతికి రెండు వైపులనుండి ఆక్షేపణలు ఉన్నవి. విమర్శ వలన విశ్వాసం సడలునని కొందరి భయం. లౌకిక రాజ్యంలోని విద్యాలయంలో మతప్రసక్తియే తగదని మరికొందరి వాదం. భారత రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడచే విద్యాసంస్థలలో మతబోధను నిషేధించినది. అయితే మతబోధ వేరు, మతాన్ని గూర్చిన అధ్యయనం వేరు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ భేదాన్ని స్పష్టం చేసినది. 2002లో అరుణా రాయ్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం కూడ మతాలను గూర్చిన అధ్యయనం ఆ అధికరణానికి విరుద్ధం కాదని నిర్ణయించినది.

అంతకు పూర్వమే ఈ విషయంలో ఒక పాఠ్యక్రమాన్ని సూచించినది 1948-49 నాటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉండి, పిమ్మట ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్యమతాల ఆచార్యపీఠాన్ని అలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి అధ్యక్షులు. పట్టతరగతుల మొదటి సంవత్సరంలో బుద్ధుడు, క్రీస్తు, శంకరుడు, రామానుజుడు, మహమ్మదు, కబీరు, నానక్ మొదలైన వారి జీవితాలు, రెండవ సంవత్సరంలో వివిధ మతగ్రంథాలనుండి సార్వజనీనములైన భాగాలు, మూడవ సంవత్సరంలో మతతత్త్వ సమస్యలు బోధింపవలెనని ఆ కమిషన్ సిఫారసు చేసినది. ఇందులో జీవితచరిత్ర, గ్రంథం, తత్త్వం ఉన్నవి. గ్రామదేవత లేదు, ఆలయ పరిపాలన లేదు. ఆ లోపాన్ని గుర్తించుటకు పెద్దాపుర పరిసరాలు మంచి ఆధారం.

సాహిత్య దృష్టి

పెద్దాపురానికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న సామర్లకోట కుమారారామం, దాక్షారామం పంచారామాలలోనివి. కుమారస్వామి తారకాసురుని కంఠమందలి లింగాన్ని ఛేదింపగా అది అయిదు ఖండాలై అయిదు చోట్ల పడినదని స్థలపురాణం. 15వ శతాబ్ది తొలిభాగంలో శ్రీనాథుడు రచించిన భీమేశ్వరపురాణం దాక్షారామ క్షేత్రమాహాత్మ్యాన్ని కావ్యస్థాయికి తెచ్చినది. సాహిత్య విద్యార్థి ఇక్కడ అడుగవలసిన ప్రశ్న కథ జరిగినదా, లేదా అని కాదు. క్షేత్రం ఎట్లు వర్ణితమైనది, శ్రోతను యాత్రికునిగా మార్చుటకు కవి ఏ సాధనాలను వినియోగించినాడు అని. పెద్దాపుర సంస్థానంతో సంబంధం కల ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాలు కూడ ఈ దృష్టికి ఉపకరిస్తవి. నీతి, శృంగార, వైరాగ్యాలు ఒకే కృతిలో నిలిచిన తీరు గమనిస్తే, ఏది మతసాహిత్యం, ఏది కాదు అని గీత గీయుట ఎంత కష్టమో తెలుస్తుంది.

చరిత్ర దృష్టి

భీమేశ్వర నామాన్ని చరిత్రకారులు తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీమునితో ముడిపెడతారు. అతని పాలన 892లో ప్రారంభమైనది. సామర్లకోట ఆలయ నిర్మాణాన్ని అతనికే ఆపాదించుట పరిపాటి. దాక్షారామ ఆలయంలో వందలకొలది శాసనాలు ఉన్నవి. రాజుల ప్రశస్తితో పాటు అఖండదీపానికై గొర్రెలను దానం చేసిన వారి ప్రసక్తియు, ఆ గొర్రెలను స్వీకరించి నేతిని సమర్పించుటకు బద్ధులైన కాపరుల ప్రసక్తియు అట్టి దానశాసనాలలో వస్తుంది. పురాణం దేవతలను చెప్పినది, శాసనం దీపాన్ని వెలిగించిన వారిని చెప్పినది. రెండూ ఆ క్షేత్ర చరిత్రలోని భాగాలే.

రాజనీతి దృష్టి

భీమేశ్వరపురాణానికి కృతిభర్త బెండపూడి అన్నయామాత్యుడు, రాజమహేంద్రవర రెడ్డిరాజుల మంత్రి. రాజు పేరు దేవునికి చేరుట, మంత్రి క్షేత్రమాహాత్మ్యాన్ని అంకితం పొందుట భక్తికి మాత్రమే సంబంధించిన విషయాలు కావు. దేవాలయం భూమిని, ధాన్యాన్ని, ఉద్యోగాలను, గౌరవాలను పంచే సంస్థ. కనుకనే పాలకులు మారినను దానిపై అధికార ప్రశ్న మారలేదు. మద్రాసు ప్రభుత్వం 1817లో దేవాలయ ధర్మాదాయాల పర్యవేక్షణను చేపట్టినది. 1863 చట్టం ఆ బాధ్యతను స్థానిక సంఘాలకు, ధర్మకర్తలకు వదలినది. 1920ల నాటి హిందూ ధర్మాదాయ చట్టాలు మరల పర్యవేక్షణ మండలిని ఏర్పరచినవి. 1987 ఆంధ్రప్రదేశ్ చట్టం వంశపారంపర్య అర్చక, ధర్మకర్తృత్వ హక్కులను రద్దుచేసినది. అర్చకత్వం వృత్తియా, ధర్మమా అన్న వివాదం ఆగమశాస్త్రం ఒక్కటే చదివిన వానికి గాని, చట్టం ఒక్కటే చదివిన వానికి గాని పూర్తిగా బోధపడదు.

తత్త్వ దృష్టి

కుమారస్వామి లింగాన్ని ఛేదించినాడన్న పురాణవాక్యానికి, రాజు ఆలయాన్ని కట్టించినాడన్న చరిత్రవాక్యానికి పొత్తు ఎట్లు? ఇక్కడ పూర్వమీమాంస ఉపయోగపడుతుంది. అర్థవాదాన్ని మీమాంసకులు మూడు విధాలుగా విభజించినారు. ప్రమాణాంతర విరోధం ఉన్నచో గుణవాదం, ప్రమాణాంతరంచే తెలిసినదైనచో అనువాదం, ఈ రెండూ కానిచో భూతార్థవాదం. ఈ విభాగం వేదవాక్యాలకై ఏర్పడినదే అయినను, దాని యుక్తిని స్థలపురాణానికి అన్వయింపవచ్చును. అప్పుడు చరిత్రతో విరోధం కనిపించినంత మాత్రాన పురాణవాక్యం వ్యర్థం కాదు. దాని తాత్పర్యం సంఘటనాకథనం కాక క్షేత్రప్రశంస అవుతుంది. విమర్శ పరదేశంనుండి వచ్చిన దిగుమతి అనువారికి ఇదియే సమాధానం. వాక్యాల జాతిభేదాన్ని వివేచించు సాధనం సంప్రదాయంలోనే ఉన్నది.

గ్రంథానికి అందని భాగం

పెద్దాపురంలో ఆషాఢమాసంలో మరిడమ్మ జాతర జరుగుతుంది. ఆ తల్లి ఆరాధన అష్టాదశ పురాణాలను ఆశ్రయించి పుట్టినది కాదు. మారీదేవత మహమ్మారి వ్యాధుల భయంతో, వాటినుండి రక్షణతో ముడివడినది. గ్రామదేవతారాధనను 'క్షుద్రదేవతారాధన' అని ఒక మాటతో పక్కన పెట్టుట సంస్కృతగ్రంథ పరిచయంచే కలిగే దోషం. 1916లో హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశ గ్రామదేవతలపై రచించిన గ్రంథంలో తెలుగు దేవతల వివరాలు విస్తారంగా ఉన్నవి. అయితే క్రైస్తవ బిషప్పు కావడంచే అతని తీర్పులకు కూడ ఒక పక్షం ఉన్నది. విదేశీయుని పక్షాన్ని గుర్తించిన పరిశోధకుడు తన పక్షాన్ని కూడ గుర్తింపవలెను. జాతరలో పాట ఉన్నది, వ్యాధిచరిత్ర ఉన్నది, ఏ కులానికి ఏ మర్యాద అన్న అధికారవిభజన ఉన్నది, మృత్యుభయాన్ని మానవుడు ఎట్లు ఎదుర్కొనునన్న తత్త్వప్రశ్న ఉన్నది. నాలుగు దృష్టులూ ఇక్కడ కూడ వర్తిస్తవి, ఆధారం మాత్రం తాళపత్రం కాక మనుష్యుల నోటిమాట.

ఉపసంహారం

ప్రాచ్యకళాశాలలకు ఈ అధ్యయనంలో ప్రత్యేకమైన అధికారం ఉన్నది. 1967లో ఇంగ్లండులోని లాంకస్టర్‌లోను, పాటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలోను మతాధ్యయన శాఖలు ఏర్పడినవి. అట్టి శాఖలలో విద్యార్థులు మూలభాషలను కొత్తగా నేర్చుకొనవలసి వస్తుంది. ప్రాచ్యకళాశాల విద్యార్థికి ఆ భాష ముందే ఉన్నది. కొరతపడినది శాసనపఠనం, చట్టచరిత్ర, క్షేత్రపర్యటన. ఒక సంవత్సరం పాటు ఒకే క్షేత్రాన్ని తీసుకొని, దాని మాహాత్మ్యాన్ని, శాసనాలను, పాలనాపత్రాలను, వాటినుండి పుట్టే తత్త్వప్రశ్నలను వరుసగా పఠింపజేయుట ఏ కళాశాలకైనను సాధ్యమైన పని. ఆ నాలుగింటి సమాధానాలు ఏకీభవింపని చోట వాటిని బలవంతంగా కలుపరాదు. ఏ సమాధానం ఏ ప్రశ్నకు చెందినదో తెలిసికొనుటయే ఈ విద్యకు ఫలం. అది తెలిసిన విద్యార్థి ఆలయంలో నమస్కరింపవచ్చును, శాసనాన్ని సందేహింపవచ్చును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.