బాపు ఇచ్చే పైసలకు పన్ను ఉంటదా?

పోయిన నెల ఒక మంగళవారం బాపు, అమ్మ, అక్క, నేను కొండగట్టు వెళ్లాం. మెట్లెక్కుతుంటే బాపు చేతిసంచి నేను పట్టుకుంటా అన్నా ఇవ్వలేదు. పైకి చేరాక పక్కకు పిలిచి చెప్పాడు. సంచిలో తొమ్మిది లక్షలు! తాత పోయాక బాపు వాటాకు వచ్చిన పైసలు.

"అంజన్న పాదాల కాడ వెట్టి నీ చేతికిస్త. ఇల్లు కొనుక్కో" అన్నాడు.

అక్క అప్పటికి ఇంకా కింద కొబ్బరికాయల దుకాణం దగ్గరే ఉంది.

పైసలు ఇస్తానని బాపు ముందే అన్నాడు కాబట్టి, వారం కిందే కరీంనగర్‌లో తెలిసిన ఆడిటర్‌ను అడిగి వచ్చాను. కానీ ఇట్లా నోట్ల కట్టలు మోసుకొస్తాడని అనుకోలేదు. అందుకే సంచి ముట్టుకోలేదు. ఎందుకో మీకూ చెప్తా. ఇయ్యాల కాకపోతే రేపు, ఈ ముచ్చట మీ ఇంట్లో కూడా వస్తుంది.

ముందు మంచి మాట

వారసత్వంగా వచ్చిన సొమ్ముపై మన దేశంలో పన్ను లేదు. ఒకప్పుడు ఉండేది. 1953లో తెచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. 1958 నాటి గిఫ్ట్ ట్యాక్స్ 1998 అక్టోబర్ 1 నుంచి పోయింది.

ఇప్పుడు బయటివాళ్లు ఏడాదిలో 50 వేలకు మించి ఊరికే ఇస్తే, ఆ మొత్తమంతా మన ఆదాయంలో కలుస్తుంది. అదే తల్లిదండ్రులు పిల్లలకు ఇస్తే 5 లక్షలైనా, 50 లక్షలైనా పన్ను లేదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ సూత్రం మారలేదు.

నామినీ అంటే యజమాని కాదు

తాత ఎఫ్‌డీలకు బాపు ఒక్కడే నామినీ. బ్యాంకు మొత్తం ఆయనకే ఇచ్చింది. కానీ నామినీ అంటే వారసుల తరఫున సొమ్ము తీసుకునేవాడు మాత్రమే. తాత వీలునామా రాయలేదు. నాయనమ్మ అంతకుముందే పోయింది. కాబట్టి అందులో సగం మేనత్తది. బాపు ఆ సగం ఇచ్చేశాడు. మిగిలిన తొమ్మిది లక్షలే బాపు సొంతం, అదే ఆయన బహుమతిగా ఇవ్వగలిగేది.

ఇంకొకటి. తాత పోయిన రోజు వరకు వచ్చిన వడ్డీ తాత ఆదాయమే. దానికి రిటర్ను వేయాల్సి ఉంటే తాత తరఫున వారసులే వేయాలి.

మాది ఎఫ్‌డీ సొమ్ము. తాత భూమి అమ్మి ఇస్తే లెక్క వేరు. అమ్మిన లాభంపై పన్ను అమ్మినవాళ్లు కట్టాలి, అంటే బాపే. లాభం లెక్కకు తాత కొన్న ధర చూస్తారు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు నాటి విలువ తీసుకోవచ్చు. మున్సిపాలిటీకి చట్టం చెప్పిన దూరం దాటి ఉన్న పల్లె సాగుభూమికైతే ఈ పన్నే ఉండదు.

చిక్కంతా నోట్ల కట్టతోనే

ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. కన్నతండ్రి ఇచ్చినా ఇదే రూలు. తప్పితే జరిమానా ఎంతో తెలుసా? తీసుకున్నంత! అదీ ఇచ్చినవాళ్లకు కాదు, తీసుకున్నవాళ్లకు. అంటే నాకు. రోజుకింత అని విడగొట్టినా, ఒకే సందర్భానికి ఇచ్చింది ఒకే లెక్క.

అందుకే పైసలు బ్యాంకు ద్వారానే రావాలి. దాంతోపాటు ఒక కాగితం రాసుకోవాలి. ఎవరు, ఎవరికి, ఏమవుతారు, ఎంత, ఏ తేదీన, ఆ సొమ్ము ఎక్కడిది, ఇద్దరి పాన్ నంబర్లు, తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట, సంతకాలు. డబ్బుకైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇల్లు, భూమి ఇస్తే మాత్రం తప్పదు. రేపు ఆదాయపు పన్ను శాఖ "ఇంత సొమ్ము ఎక్కడిది?" అని అడిగితే ఈ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.

వడ్డీ ఎవరి ఖాతాలో?

బహుమతిపై పన్ను లేదు గానీ, దాన్ని ఎఫ్‌డీ చేస్తే వచ్చే వడ్డీ నా ఆదాయమే. "అట్లయితే కోడలి పేరు మీద ఏద్దాం, ఆమెకు జీతం లేదు గద" అన్నాడు బాపు. ఆ దారి కూడా మూసే ఉంది. బాపు కోడలికిస్తే వడ్డీ బాపు ఆదాయంలో కలుస్తుంది. నేను నా భార్యకిస్తే నా ఆదాయంలో కలుస్తుంది. మైనర్ మనవడి పేరు మీద వేస్తే, వాడి తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి లెక్కలో పడుతుంది.

దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉంటే

మా జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు తక్కువ. బయట ఉన్న పిల్లలకు ఇచ్చినా ఇక్కడ పన్ను లేదు. కాకపోతే ఇక్కడి నుంచి ఒకరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకే పంపగలరు. బహుమతిగా పంపేది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దానిపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. అది తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఇక్కడి అమ్మానాన్నల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించి తీసుకుంటే అక్కడ ఫారం 3520 వేయాలి. పన్ను పడదు గానీ, ఫారం మరిస్తే జరిమానా పెద్దదే.

మరి అక్క?

ఇదంతా విని బాపు సంచి మళ్లీ చంకన పెట్టుకున్నాడు. "ఆన్‌లైన్ల పైసలు కనవడవురా. చేతుల వెడితెనే ఇచ్చినట్టు" అని గొణిగాడు.

అప్పుడే అక్క కొబ్బరికాయలతో పైకొచ్చింది. ఆమె కాస్త దూరం పోయాక అడిగాను: "అక్కకేం లేదా బాపూ?"

"పెండ్లికి పెట్టినం గదరా."

"చట్టం కొడుకు, కూతురు అని తేడా చూడదు బాపూ. పెండ్లయినా అంతే. మేనత్తకు సగం ఇచ్చిననాడు 'ఆమెది ఆమెకు ఇయ్యాలె' అన్నది నువ్వే గద."

నిజానికి ఇప్పుడు ఆ పైసలు బాపువి. ఎవరికిచ్చినా ఆయన ఇష్టం. నాకు కూడా తొమ్మిది లక్షలంటే తేలికేం కాదు, ఇంటి అడ్వాన్సుకు సరిపోయేవి. అయినా అడగకుండా ఉండలేకపోయాను. బాపు ఏమీ అనలేదు. కొండ దిగేదాకా మాట్లాడలేదు.

మర్నాడు డ్రా చేసిన స్లిప్పు దాచిపెట్టి, నగదంతా మళ్లీ తన ఖాతాలోనే వేశాడు. వారానికి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: నాలుగున్నర లక్షలు జమ. రెండు నిమిషాలకు అక్క ఫోన్ చేసింది. ఏం మాట్లాడలేక ఏడ్చింది.

తర్వాతి మంగళవారం మళ్లీ కొండగట్టు పోయాం. ఈసారి అర్చన పళ్లెంలో బాపు నోట్లు పెట్టలేదు. తన సంతకం చేసిన రెండు కాగితాలు పెట్టాడు.