దిక్కు దొరికితేనే మాట కలిసేది
26 గిగాహెర్ట్జ్ బ్యాండులో టవరు, ఫోను తొలి పరిచయం తీరు

సెల్‌ఫోను ఆన్ చేసిన కొద్ది క్షణాలకే తెరపై సిగ్నలు గీతలు ప్రత్యక్షమవుతాయి. ఈలోగా టవరుకు, ఫోనుకు మధ్య ఏం జరిగిందో ఎవరూ పట్టించుకోరు. పాత బ్యాండుల్లో అది సులువైన పనే. 5జీ సేవల కోసం కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాత్రం ఆ తొలి పరిచయమే కష్టమైన ఘట్టం. అత్యధిక వేగాన్ని ఇవ్వగల ఈ బ్యాండు పల్లెల్లో విస్తరించడం ఎందుకంత కష్టమో, దీనితో ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేవారు ఏం చూసుకోవాలో తెలియాలంటే ఆ ఘట్టాన్ని అర్థం చేసుకోవలసి ఉంటుంది.

వేలెడంత లేని అల

కేంద్ర ప్రభుత్వం 2022 జులై 26 నుంచి ఆగస్టు 1 వరకు నిర్వహించిన స్పెక్ట్రమ్ వేలంలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండును తొలిసారి టెలికాం సంస్థలకు విక్రయించింది. అదే ఏడాది అక్టోబరు 1న దేశంలో 5జీ సేవలు ఆరంభమైన విషయం విదితమే.

700 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఒక్కో అల పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. అంటే దాదాపు మూరెడు. 26 గిగాహెర్ట్జ్‌లో అది 11.5 మిల్లీమీటర్లే. ఇంత చిన్న అలలు మన దేశానికి కొత్తవేమీ కావు. జగదీశ్ చంద్రబోస్ 1890వ దశకంలోనే కలకత్తాలో 5 మిల్లీమీటర్ల అలలతో ప్రయోగాలు చేయడం గమనార్హం.

ఈ బ్యాండు గొప్పతనమంతా దాని వెడల్పులో ఉంది. 24.25 నుంచి 27.5 గిగాహెర్ట్జ్ వరకు 3,250 మెగాహెర్ట్జ్ మేర విస్తరించి ఉంటుంది. దారి ఎంత వెడల్పయితే అంత సమాచారం ఒకేసారి సాగిపోతుంది. లోపమూ అల పొట్టితనంలోనే ఉంది. అల చిన్నదయ్యేకొద్దీ దానికి తగిన యాంటెన్నా కూడా చిన్నదై, గాలిలోని శక్తిని తక్కువగా అందుకుంటుంది. ఒకే రకం యాంటెన్నాలతో, అంతే దూరంలో పోల్చి చూస్తే 700 మెగాహెర్ట్జ్ సిగ్నలులో దాదాపు 1,400వ వంతు మాత్రమే చేతికందుతుంది. దీనికి తోడు గోడలు, చెట్ల ఆకులు, చివరకు అడ్డుగా నిలిచిన మనిషి సైతం ఈ అలలను ఆపేస్తారు.

చీకట్లో వెతుకులాట

ఈ లోటును పూడ్చేందుకు ఇంజినీర్లు ఎంచుకున్న మార్గం పుంజం. నీళ్ల పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార సన్నబడి దూరం పోతుంది. అదేవిధంగా టవరుపై పదుల సంఖ్యలో బుల్లి యాంటెన్నాలను ఒకే పలకపై అమర్చి, వాటి అలలు ఒకే దిక్కున కలిసేలా చేస్తే సన్నని పుంజం ఏర్పడుతుంది. పలకను కదల్చకుండానే పుంజాన్ని కావలసిన వైపు తిప్పవచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫోను ఎటువైపు ఉందో తెలిస్తేనే పుంజాన్ని అటు తిప్పగలం. ఎటువైపు ఉందో తెలియాలంటే ముందు దానితో మాట కలవాలి. చీకటి రాత్రి పొలంలో ఇద్దరు రైతులు బ్యాటరీ లైట్లతో ఒకరినొకరు వెతుక్కుంటున్నారనుకుందాం. ఒకరి వెలుగు రెండోవారిపై పడాలి, అదే క్షణంలో రెండోవారు ఇటే చూస్తుండాలి. టవరు, ఫోనుల పరిస్థితి కూడా అంతే.

64 దిక్కులు, 5 మిల్లీ సెకన్లు

దీనికి పరిష్కారాన్ని అంతర్జాతీయ ప్రమాణాల వేదిక 3జీపీపీ తన 15వ విడుదలలో పొందుపరిచింది. దాని ప్రకారం టవరు తన చుట్టూ ఉన్న ప్రాంతాన్ని గరిష్ఠంగా 64 దిక్కులుగా విభజించుకుంటుంది. ఒక్కో దిక్కుకు ఒక్కో పుంజాన్ని వంతులవారీగా పంపుతుంది. ప్రతి పుంజం తన క్రమసంఖ్యను వెంట తీసుకువెళ్తుంది. ఈ చుట్టు అంతా 5 మిల్లీ సెకన్లలో ముగుస్తుంది. కొత్తగా వెతికే ఫోను ఈ చుట్టు ప్రతి 20 మిల్లీ సెకన్లకు ఒకసారి వస్తుందని భావిస్తుంది.

ఫోను కూడా ఒక్కో చుట్టులో ఒక్కో వైపు చెవి పెట్టి వింటుంది. అది 8 వైపులు వినాలంటే మొత్తం 512 జతలను పరీక్షించినట్లు లెక్క. ఇందుకు 8 చుట్లు, అంటే 160 మిల్లీ సెకన్లు పడుతుంది. అన్నింటిలో బలంగా వినిపించిన పుంజాన్ని ఫోను ఎంచుకుని, ఆ పుంజానికి ముందుగానే కేటాయించిన వేళకు, సంకేతంతో బదులు పంపుతుంది. ఎప్పుడు తలుపు తట్టారన్నదే ఎటునుంచి వచ్చారో చెప్పేస్తుందన్నమాట. టవరుకు దిక్కు తెలిసిపోతుంది.

పరిచయం తరువాత పుంజాన్ని మరింత సన్నగా చేసి గురి కుదుర్చుకుంటారు. లారీ అడ్డొచ్చినా, చేయి కప్పినా పుంజం తెగుతుంది. అప్పుడు ఫోనే మరో పుంజాన్ని సూచించి మాట నిలబెట్టుకుంటుంది. ఈ ప్రక్రియ మొత్తాన్నీ బీమ్ మేనేజ్‌మెంట్ అంటారు.

ఇందులో రాజీ తప్పదు. వెడల్పు పుంజాలతో వెతికితే త్వరగా పని ముగుస్తుంది గానీ అవి దూరం పోవు. సన్న పుంజాలు దూరం పోతాయి గానీ వెతుకులాట పెరుగుతుంది. ఊరి చివరి ఇంటిదాకా మాట కలపడం కష్టమయ్యేది ఇందువల్లనే. ఫోన్ల విషయంలో ఈ బ్యాండు పరిధి సాధారణంగా కొన్ని వందల మీటర్లకే పరిమితం. ఇళ్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో అంత దగ్గర దగ్గరగా యంత్రాలు నెలకొల్పడం ఖర్చుతో కూడిన పని.

వినియోగదారులు గమనించవలసినవి

మన దేశంలో వాడుకలో ఉన్న ఫోన్లలో అత్యధికం 26 గిగాహెర్ట్జ్‌ను అందుకోలేవు. తెరపై 5జీ అని కనబడినంత మాత్రాన అది ఈ బ్యాండు అనుకోరాదు. సాధారణంగా అది తక్కువ బ్యాండుల సేవే.

ఈ బ్యాండు మనకు ఎక్కువగా ఉపకరించేది ఇళ్లకు, కార్యాలయాలకు ఇచ్చే స్థిర ఇంటర్నెట్‌లో. డాబాపై బిగించిన యాంటెన్నా కదలదు కాబట్టి ఒకసారి దొరికిన దిక్కు చాలావరకు నిలిచి ఉంటుంది. అందుచేత డబ్బు చెల్లించే ముందు ఏ బ్యాండులో సేవ ఇస్తున్నారో అడగాలి. యాంటెన్నా పెట్టేచోట నిలబడి టవరు కంటికి కనబడుతున్నదీ లేనిదీ చూసుకోవాలి. ఇంటిముందు వేపచెట్టు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. ఆకు రాలిన కాలంలో చూసి బిగించుకుంటే, చిగురు ముదిరి కొమ్మలు గుబురెక్కాక సిగ్నలు దెబ్బతినే ప్రమాదం ఉంది.