వాలు–అంతరఖండ రూపము: తిరుమల దారిలో ఒక లెక్క

తిరుపతినుండి తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో ఏర్పడినది. సముద్ర మట్టమునుండి కొండ అడుగు సుమారు 150 మీటర్లు, పైభాగము సుమారు 850 మీటర్లు ఎత్తున ఉన్నవి. లెక్క సులభమగుటకు దారి పొడవు 20 కిలోమీటర్లనియు, ఎక్కుడు అంతటను సమానమనియు అనుకొందము.

బస్సు ‘ద’ కిలోమీటర్లు పోయిన పిమ్మట ‘ఎ’ మీటర్ల ఎత్తున నున్నచో,

(ఎ − 150) / ద = 700 / 20

అనగా 700ద − 20ఎ + 3000 = 0.

దీనిని చూచి కొందరు విద్యార్థులు వాలు 700 అనియు, అంతరఖండము 3000 అనియు చెప్పుదురు. అదే నిజమైనచో మొదటి కిలోమీటరులోనే కొండ అంతయు ఎక్కవలసి వచ్చును. తిరుపతి తిరుమలకంటె ఎత్తున ఉండవలసి వచ్చును! గుణకములను చదువుటకు ముందు ‘ఎ’ను ఒంటరిగా ఒక వైపున నిలుపవలెను.

−20ఎ = −700ద − 3000

ఇరువైపులను −20 చే భాగింపగా,

ఎ = 35ద + 150.

గుర్తులు మారుటను గమనింపుడు. 35 వాలు, అనగా కిలోమీటరుకు 35 మీటర్ల ఎక్కుడు. 150 అంతరఖండము, అనగా బయలుదేరిన చోటి ఎత్తు. ద = 20 అయినచో ఎ = 850; లెక్క సరిపోయినది.

‘ఎ’ గుణకము సున్న అయినచో భాగించుటకు వీలులేదు. అట్టి రేఖ నిట్టనిలువుగా నుండును. దానికి ఈ రూపము లేదు.

నిజమైన దారిలో మలుపులు పెక్కు. ఎక్కుడు చోటుచోటునకు మారుచుండును. కనుక 35 సగటు మాత్రమే.