బొమ్మల కథకు దొరికిన వకీలు!

సినిమాకి విమర్శకులున్నారు. సంగీతానికి శాస్త్రముంది. మరి బొమ్మల కథకో? "పిల్లల కాలక్షేపం!" అని తీసిపారేసేవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లతో వాదించడానికే జీవితం ధారపోసిన ఒక పండితుణ్ణి ఈ వారం మీకు పరిచయం చేస్తాను. పేరు తియెరీ గ్రూన్‌స్టీన్. 1957లో బ్రస్సెల్స్‌లో పుట్టాడు. 'టిన్‌టిన్' బొమ్మల కథలు పుట్టిన ఊరు కూడా అదే లెండి!

ఫ్రాన్సులో సినిమాని ఏడో కళ అంటారు, బొమ్మల కథని తొమ్మిదో కళ అంటారు. పేరైతే పెట్టారు గానీ, తొమ్మిదో కళకి పీట వెయ్యడానికి మాత్రం పెద్దలు చాలాకాలం తటపటాయించారు. సినిమాకి ఆ పీట సంపాదించినవాళ్లలో 1951లో పుట్టిన 'కాయే దు సినెమా' పత్రికలో రాసిన త్రుఫో, గొదార్‌లాంటి కుర్రాళ్లున్నారు. బొమ్మల కథకీ అలాంటి పత్రిక ఒకటుంది... 'కాయే ద లా బాంద్ దెసినే'. 1984 నుంచి 1988 దాకా దానికి సంపాదకుడు మన గ్రూన్‌స్టీనే!

అక్కడితో ఆగలేదాయన. 1993 నుంచి 2001 వరకు ఫ్రాన్సులోని అంగులేమ్ పట్టణంలో బొమ్మల కథల మ్యూజియం నడిపాడు. 2002లో సొంతంగా ప్రచురణ సంస్థే పెట్టేశాడు.

ఇంతకీ ఆయన చెప్పిందేమిటి? సినిమాలో ఒక షాట్ వస్తుంది, పోతుంది. పోయిందాన్ని మనం గుర్తుపెట్టుకోవాల్సిందే. బొమ్మల కథలో అలా కాదు! మొదటి గడిలో ఏడ్చిన అమ్మాయి చివరి గడిలో నవ్వుతున్నా, ఆ ఏడుపు పేజీ మీద అలాగే ఉంటుంది. రెండూ మన కళ్లముందే! కాబట్టి అసలు సంగతి ఒక్కో బొమ్మలో లేదు, బొమ్మకీ బొమ్మకీ ఉన్న చుట్టరికంలో ఉందంటాడు. 1999లో వచ్చిన ఆయన ముఖ్యగ్రంథం సారం ఇదే. 2007లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది.

ఆ చుట్టరికం పక్కపక్క గడులకే పరిమితం కాదు. మూడో పేజీలో కనిపించిన పగిలిన అద్దం అరవయ్యో పేజీలో మళ్లీ కనిపించిందనుకోండి, మధ్యలోని పేజీలు దాటుకుని ఆ రెండూ ముడిపడతాయి. దీనికాయన పెట్టిన పేరు 'అల్లిక'. జడలో పాయ లోపలికి వెళ్లి మళ్లీ పైకి తేలినట్టన్నమాట!

ఆ పుస్తకం కొరుకుడు పడడం కష్టమే. అయినా నాకు నచ్చిందేమిటంటే, బొమ్మల కథ గొప్పదని ఆయన ఊరికే పొగడలేదు. అది ఎలా పనిచేస్తుందో విప్పి చూపించాడు. గౌరవం అడిగి తెచ్చుకునేది కాదు, ఇలా సంపాదించుకునేది.

ఈసారి బొమ్మల పుస్తకం చేతికొస్తే మాటలు చదివేముందు పేజీ మొత్తం ఒక్కసారి చూడండి. హాల్లో ఏ తెరా చూపించలేనిది అక్కడ కనిపిస్తుంది!