అడవిపిల్లి రక్తంలో పిడుదు జబ్బు: పాడి రైతుకు ఒక పాఠం

పాల సంఘాల పత్రికలో అడవిపిల్లి గురించి ఎందుకని సభ్యులు అడగవచ్చు. కారణం ఉంది. మన సంకరజాతి ఆవులను పడగొట్టే థైలేరియా జబ్బు సూక్ష్మజీవికి దగ్గరి చుట్టం ఒకటి అడవిపిల్లుల రక్తంలో ఉంటుంది. అంతరించిపోతున్న ఒక జాతిని కాపాడటానికి స్పెయిన్ దేశంలో రక్తపరీక్షను ఎలా వాడుకున్నారో తెలుసుకుంటే, మన కొట్టంలో చేయవలసిన పని కూడా తేలికగా అర్థమవుతుంది.

ఆ జంతువు ఏది?

దాని పేరు ఐబీరియన్ లింక్స్. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో తప్ప మరెక్కడా లేదు. పులి, సింహం వంటి పెద్ద పిల్లుల వర్గంలోది కాదు. చిన్న పిల్లుల వర్గంలోనిది. బరువు 9 నుండి 15 కిలోలు, అంటే మన ఊరకుక్క కంటే తక్కువే. చెవుల కొనల మీద నల్లని వెంట్రుకల కుచ్చులు, పొట్టి తోక, ఒంటిమీద మచ్చలు ఉంటాయి. ప్రధానమైన ఆహారం కుందేలు. రోజుకు ఒక కుందేలు దొరికితే దానికి గడిచిపోతుంది. అయితే కుందేళ్ళకు వరుసగా అంటురోగాలు వచ్చి అవి తగ్గిపోయాయి. అడవులు నరికారు, రోడ్లు వేశారు. దానితో లింక్సు కూడా తగ్గిపోయింది. 2001 నాటికి ఈడుకు వచ్చిన జంతువులు 62 మాత్రమే మిగిలాయి. అవి కూడా రెండే చోట్ల: దక్షిణ స్పెయిన్‌లోని దోన్యానా అడవి, సియెర్రా మొరేనా కొండలు.

రక్తం చెప్పే సంగతి

మన సంఘంలో వెన్నశాతం ఎలా చూస్తారో సభ్యులందరికీ తెలుసు. గొట్టంలో పాలు, ఆమ్లం పోసి యంత్రంలో తిప్పితే వెన్న పైకి తేలుతుంది. గీతలు చూసి శాతం చెబుతాము. రక్తానికీ ఇటువంటి పరీక్షే ఉంది. సన్నని గాజు గొట్టంలో రక్తం తీసి తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరుతాయి. నూటికి ఎంత భాగం ఎర్రకణాలో చూస్తారు. ఆరోగ్యమైన ఇంటిపిల్లికి ఇది 30 నుండి 45 వరకు, ఆవుకు 24 నుండి 46 వరకు ఉంటుంది. అంతకు బాగా తగ్గితే రక్తహీనత అన్నమాట. వెన్నశాతం పడిపోతే కారణం వెతుకుతాము కదా, ఇక్కడా అంతే. సంఖ్య తగ్గిందని తెలిస్తే చాలదు, ఎందుకు తగ్గిందో తెలియాలి.

కారణం తెలియడానికి ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పలుచగా పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. పిల్లుల్లో సాధారణంగా మూడు రకాల శత్రువులు ఉంటాయి.

మొదటిది సైటాక్స్‌జూన్. ఇది ఎర్రకణం లోపల చిన్న ఉంగరంలా కనబడుతుంది. ఇదీ, మన ఆవుల థైలేరియా ఒకే కుటుంబానికి చెందినవి. రెండవది హీమోప్లాస్మా అనే బాక్టీరియా. ఇది కణం లోపలికి పోదు, పైన అంటుకొని ఉంటుంది. మూడవది పిల్లుల ల్యుకేమియా వైరస్. ఇది మామూలు సూక్ష్మదర్శినిలో కనబడదు, వేరే పరీక్ష కావాలి. రక్తం తయారయ్యే ఎముకల మూలుగనే ఇది దెబ్బతీస్తుంది. పిల్లి ఎర్రకణం ఆయుస్సు 70 రోజులు మాత్రమే. కొత్త కణాలు పుట్టకపోతే కొద్ది వారాల్లోనే జంతువు పాలిపోతుంది.

ఒకరికి అలవాటు, ఒకరికి చావు

అమెరికాలో సైటాక్స్‌జూన్‌ను 1976లో మొదటిసారి ఇంటిపిల్లుల్లో గుర్తించారు. అక్కడి బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి రక్తంలో ఈ క్రిమి ఉన్నా చాలావరకు దానికి ఏమీ కాదు. దాన్ని కుట్టిన పిడుదు తరువాత ఇంటిపిల్లిని కుడితే, ఆ పిల్లి జబ్బుపడి చాలాసార్లు వారం తిరక్కుండానే చనిపోతుంది. మన దగ్గర కూడా నాటు పశువుకు, గేదెకు పెద్దగా ఏమీ చేయని థైలేరియా సంకరజాతి ఆవును పడగొట్టడం చూస్తూనే ఉన్నాము.

స్పెయిన్‌లో సియెర్రా మొరేనా లింక్సుల రక్తంలో ఈ జాతి క్రిమి ఉన్నట్లు 2005లో ప్రకటించారు. దోన్యానా జంతువుల్లో అప్పటి పరీక్షల్లో కనబడలేదు. క్రిమి ఉన్నవాటిలో చాలావాటికి జబ్బు లక్షణాలు లేవు. అలాగని నిర్లక్ష్యం చేయరాదు. క్రిమి ఉన్నచోటి నుండి లేనిచోటికి జంతువును తరలించేటప్పుడు దానితో పాటు క్రిమి కూడా ప్రయాణం చేస్తుంది. అందుకని తరలించే ముందు రక్తం చూడటం నియమంగా పెట్టుకోవలసి వచ్చింది.

2007 నాటి ప్రమాదం

అసలు దెబ్బ వైరస్ వల్ల తగిలింది. 2007లో దోన్యానా లింక్సుల్లో ల్యుకేమియా వైరస్ చెలరేగింది. అక్కడ ఉన్నవే కొన్ని పదులు. సోకిన వాటిలో అనేకం కొద్ది నెలల్లో తీవ్రమైన రక్తహీనతతో చనిపోయాయి. వైరస్‌ను పరీక్షించి చూస్తే అది ఇంటిపిల్లుల వైరస్‌ను పోలి ఉంది. అడవి అంచున వదిలేసిన పిల్లులతో లింక్సులు పోట్లాడతాయి, ఒక్కొక్కసారి చంపి తింటాయి. పోట్లాటలో ఎంగిలి ద్వారా వైరస్ ఎక్కుతుంది.

అధికారులు మూడు పనులు చేశారు. లింక్సులను పట్టి రక్తం పరీక్షించి, సోకినవాటిని వేరుచేశారు. సోకనివాటికి టీకా వేశారు. ఆ ప్రాంతంలో తిరిగే దిక్కులేని పిల్లులను పట్టి తొలగించారు. జబ్బు అదుపులోకి వచ్చింది.

ఈలోగా ఎల్ అసెబూచె అనే కేంద్రంలో 2005లోనే మొదటిసారి నిర్బంధంలో పిల్లలు పుట్టాయి. అక్కడ రక్తం తీసే పద్ధతి ఒకటి వింతగా ఉంటుంది. జంతువును పట్టి మత్తు ఇస్తే చూడిపిల్లి బెదిరిపోతుంది. అందుకని అది పడుకునే బెరడు పలకకు చిన్న గుంట చేసి, రక్తం పీల్చే నల్లి జాతి పురుగును అందులో ఉంచుతారు. పురుగు రక్తం తాగిన తరువాత దాని పొట్టలోంచి సూదితో రక్తం తీసి చూడి పరీక్ష చేస్తారు. లింక్సుకు సంగతే తెలియదు.

కుందేళ్ళను పెంచడం, కొత్త చోట్లకు జంతువులను తరలించడం, జబ్బుల మీద కన్నువేసి ఉంచడం అన్నీ కలిసి ఫలితం ఇచ్చాయి. 2022 నాటికి ఈడువచ్చినవి 648కి చేరాయి. పిల్లలతో కలిపితే రెండువేలు దాటాయి. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని ఒక మెట్టు తక్కువ ప్రమాదపు జాబితాలోకి మార్చింది. ప్రమాదం పూర్తిగా పోలేదు గాని, గండం గడిచింది.

మనం చేయవలసినవి

1. సంతలో గాని, పొరుగు జిల్లాలో గాని కొన్న ఆవును తెచ్చిన రోజే మందలో కట్టవద్దు. కనీసం మూడు వారాలు వేరుగా ఉంచి, పశువైద్యునిచే రక్తం పరీక్ష చేయించండి. పైకి ఆరోగ్యంగా ఉన్న పశువు కూడా జబ్బును మోసుకు రావచ్చు.

2. జ్వరం 104 డిగ్రీలు దాటి, భుజం ముందు గ్రంథి వాచి, కంటి లోపలి పొర పాలిపోయి, పాలు ఒక్కసారిగా తగ్గితే ఇంటివైద్యంతో రోజులు గడపవద్దు. థైలేరియాకు మందు ఉంది. మొదటి రోజుల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

3. సూది వేయకముందే చెవి నుండి రక్తం తీసి పలక మీద పూయమని అడగండి. థైలేరియా, బబీసియా రెండూ జ్వరంతోనే వస్తాయి, మందులు వేరు.

4. పిడుదులు పశువు మీద కంటే గోడ పగుళ్ళలో ఎక్కువగా ఉంటాయి. పగుళ్ళు మూసి, సున్నం వేయించండి. పైరుకు కొట్టే పురుగుమందులు పశువుకు పూయవద్దు. పశువైద్యుడు చెప్పిన మందు వాడినప్పుడు, పాలు ఎన్నిరోజులు సంఘానికి పోయరాదో కూడా అడిగి తెలుసుకోండి.

5. కోరింగ మడ అడవుల్లో మనకూ అరుదైన నీటిపిల్లి ఉంది. అడవి అంచు గ్రామాల సభ్యులు ఇంటిపిల్లికి, కుక్కకు టీకాలు వేయించండి. వద్దనుకున్న పిల్లికూనలను అడవి పక్కన వదలవద్దు.

లింక్సుల రక్తం చూసి, లెక్క రాసి పెట్టుకోవడం కూడా ఆ జాతి నిలవడానికి తోడ్పడింది. ప్రతి సంఘంలోనూ సభ్యుల పశువుల జబ్బులు, టీకాలు, రక్తపరీక్షలు రాసే పుస్తకం ఒకటి ఉండాలి. మీ సంఘంలో అది లేకపోతే వచ్చే పాలకవర్గ సమావేశంలోనే తీర్మానం చేసి మొదలుపెట్టండి. తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతో పాటు ఆ పుస్తకం కూడా చూపించండి.