కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్

ఇలాంటి వార్షిక సంచికలను తెలుగునాట చాలాకాలం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చారు. దాతల పేర్లు, జమాఖర్చుల పట్టికలు, పెద్దల సందేశాలు ఆ ఫైళ్లలోనే ఉండిపోయాయి. పాత సీడీ దొరికినా నేటి కంప్యూటర్‌లో దాన్ని తెరవడం కష్టం. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004 నాటికే అడోబ్ దాని అభివృద్ధిని ఆపేసింది.

అను ఫాంట్లది వేరే పేచీ. అవి యూనికోడ్ పద్ధతివి కావు. ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే; వాటిని తెలుగుగా చూపేది ఫాంటు. అది లేకపోతే దాత పేరు కూడా అర్థంలేని గుర్తుల వరుసే.

ఇందుకోసం పాత యంత్రాన్ని బాగుచేయించి దాచుకోనక్కర్లేదు. ఉన్న కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను పెట్టుకోవచ్చు. దీన్ని వర్చువల్ మెషీన్ అంటారు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు ప్రోగ్రాములాగే తెరుచుకుంటుంది. అందులో విండోస్ ఎక్స్‌పీని ఇన్‌స్టాల్ చేస్తే, తానొక సొంత యంత్రంలో ఉన్నాననే అనుకుంటుంది. దానికి కనిపించే హార్డ్‌డిస్కు మన డిస్కులోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. బయటి సిస్టమ్ ఇంటివారు, లోపలిది చుట్టం అనుకోండి. ఈ చుట్టం అల్పసంతోషి: ఒక జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు చాలు. (ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు ఇలాంటి ఏర్పాటును 1972లోనే విడుదల చేసింది.) మెషీన్ మొదలవకుండా మొరాయిస్తే, బయాస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాం: ఈ చుట్టానికి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఆ తర్వాత బయటపడిన లొసుగులకు కాపలా లేదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఆపేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఇచ్చిపుచ్చుకోవచ్చు.

పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించగానే ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచండి. తర్వాత ఏం చెడినా ఆ స్థితికి తిరిగి రావచ్చు. పాత పేజీలు తెరుచుకున్నాక ముందు పీడీఎఫ్‌గా మార్చి దాచాలి. పేర్ల జాబితాలను యూనికోడ్‌లోకి మార్చే పని ఆ తర్వాత. మార్చే ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర తడబడతాయి కాబట్టి, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒకరు చదివి సరిచూడాల్సిందే.

వర్చువల్‌బాక్స్ ఉచితమే గానీ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఉచితం కావు. కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఎక్స్‌పీ లైసెన్సు ఆ యంత్రానికే చెందుతుంది. విడిగా కొన్నదైతే మరో యంత్రానికి మార్చుకోవచ్చు. మీ షాపులోని పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసేముందు, బీరువా అడుగున ఆ సీడీల పెట్టె ఉందేమో ఒకసారి చూడండి.