మన నేల తిండి మనకెందుకు పరాయిదయింది?

మనిషి ఆకలి వేసి తింటాడన్నది సగం నిజమే. ఏది తినాలో, ఎంత తినాలో చాలాసార్లు నిర్ణయించేది కడుపు కాదు. అలవాటు, పక్కవారి చూపు, ఇంటి పరువు.

హజ్రత్ మైమూనా (రజి) గృహంలో జరిగిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉల్లేఖించబడింది. దైవప్రవక్త (స) ముందు కాల్చిన దబ్బ్ మాంసం ఉంచారు. దబ్బ్ అంటే మన ఉడుమును పోలిన ఎడారి జంతువు. అదేమిటో తెలియగానే ఆయన చేయి వెనుకకు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడుగగా, కాదనీ, తమవారి నేలలో అది దొరకదు గనుక మనసు ఒప్పుకోవడం లేదనీ తెలిపారు. ఖాలిద్ (రజి) దానిని తమవైపు లాక్కుని, ప్రవక్త (స) చూస్తుండగానే తిన్నారు. రుచీ అరుచీ చాలావరకు పెరిగిన చోటు నుండి వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పే విషయం ఇందులోనే ఉంది. తమకు నచ్చని దానిని ఆయన నిందించలేదు, తినేవారిని వారించలేదు.

మరి కర్నూలు, కడప జిల్లాల్లో పెరిగిన మన పిల్లలకు జొన్నరొట్టె ఎందుకు రుచించదు? ఇక్కడి మెట్ట పొలాల పంట జొన్న, కొర్ర, సజ్జ. వరి పండేది చెరువుల కింద, సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కాలువ కింద. అందుచేత అనేక ఇండ్లలో వరి అన్నం పండుగకూ అతిథికీ వండేదిగా ఉండేది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన తరువాత పేదల పొయ్యి మీదికీ అన్నం చేరింది. అది మేలే. 1876-78 నాటి కరువు ఈ జిల్లాలను ఎంతగా పీడించిందో తెలిసినవారెవరూ దానిని తప్పుపట్టరు. కాని, సంగటి తినేవాడు లేనివాడన్న తలంపు మాత్రం మనలో మరింత గట్టిపడింది. చుట్టాలు వస్తున్నారంటే రొట్టెల బుట్టను దాచే ఇండ్లను మేమెరుగుదుము. అదే సంగటిని నాటుకోడి పులుసుతో హోటలువారు వడ్డిస్తే డబ్బిచ్చి మరీ తింటాము!

మా మద్రసాలో తొలిసారి సంగటి వడ్డించిన రోజున పట్నం పిల్లలు ముట్టలేదు. మేము హితబోధ చేయలేదు. పెద్ద విద్యార్థుల నడుమ వారిని కూర్చోబెట్టి, ఉస్తాదులమంతా అదే తిన్నాము. కొన్ని వారాలకు వారే మారు అడగసాగారు. పల్లె నుండి వచ్చిన ఒక కుర్రవాడు మాత్రం తినలేదు. కారణం అడిగితే, బియ్యం లేని రోజునే తమ ఇంట్లో అది వండేవారని చెప్పి తల వంచుకున్నాడు. వానిని మేము బలవంతపెట్టలేదు.

ఇంట్లో దాదీకి మధుమేహమని తేలుతుంది. వైద్యుడు అన్నం తగ్గించమంటాడు. ఆమెకు వేరుగా రెండు రొట్టెలు కాల్చి, మిగిలినవారు పళ్ళెం నిండా అన్నం పెట్టుకుంటారు. నాలుగు రోజులు గడవగానే ఆమె మళ్ళీ అన్నానికే వస్తుంది. దానిని నోటి చాపల్యమనడం అన్యాయం. అందరి మధ్య ఒక్కరే వేరే తిండి తినడం శిక్షలా తోస్తుంది. జొన్న మందు కాదన్నదీ గుర్తుండాలి. ముద్దలు పెద్దవైతే సంగటి కూడా చక్కెరను పెంచుతుంది, వైద్యుడిచ్చిన మాత్రలు మానరాదు. కడుపులో మూడోవంతే ఆహారానికి కేటాయించమన్న ప్రవక్త (స) హితవు ఏ ధాన్యానికైనా వర్తిస్తుంది.

ఆ మహనీయుని ఇంట తిన్న రొట్టె చాలావరకు బార్లీ రొట్టె. జల్లెడ లేక పొట్టును నోటితో ఊదేవారని సహల్ బిన్ సాద్ (రజి) తెలిపారు. కాబట్టి దాదీకి కాల్చే రెండు రొట్టెలను పది చేసి, దస్తర్‌ఖాన్ నడుమ పెట్టండి. చుట్టాలు వచ్చిన రోజున కూడా.